పురి నిండుకుంది

మొన్న పొద్దున్న మా మనవడి పెళ్ళాం వంటింట్లోంచి "మామ్మగారూ, బియ్యం అయిపోయాయండీ" అని గట్టిగా కేకేసింది. పెరటి అరుగు మీద కూర్చుని కొత్త చింతకాయలు తొక్కుతున్న నేను చప్పున తలెత్తాను. "ఒసే, అయిపోయాయి అనకూడదే, నిండుకున్నాయి అనాలి" అన్నాను. ఆ పిల్ల ఖాళీ కుండ తెచ్చి నా ముందు బోర్లించి, "ఇందులో ఏం నిండాయో మీరే చూపించండి మరి" అని నవ్వింది. మంచి పిల్లే, నోరే కొంచెం పెద్దది. నాకూ నవ్వొచ్చింది గానీ, చాలాసేపు చెయ్యి మళ్ళీ పనిలో పడలేదు.

దానికేం తెలుసు? ఆ మాట మూలంగానే ఒక కార్తీకమాసంలో మా ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి పోయేంత పనైంది.

గోదావరికి ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వాక పుట్టినదాన్ని నేను. అంతకుముందు మా వైపు కరువొస్తే మనుషులు ఆకులు అలములు ఉడకేసుకుని తిన్నారట. మా మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, ఆ కరువు చూసిన మనిషి. అందుకని గింజల సంగతి వచ్చేసరికి ఆవిడ దగ్గర ఎవరి ఆటలూ సాగేవి కావు. దీపం ఆరిపోయిందనకూడదు, కొండెక్కిందనాలి. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాలి. నేను లెక్కలు నేర్చుకున్నదే "లాభం, రెండు, మూడు" అని. ఇక ఇంట్లో గింజలు లేకపోతే లేవని చచ్చినా అనకూడదు. నిండుకున్నాయనాలి. గింజల్లో లక్ష్మి ఉంటుందనీ, లేవు అన్న మాట చెవిన పడితే ఆ తల్లి నిజంగానే గడప దాటిపోతుందనీ మామ్మ నమ్మకం. మామ్మ నమ్మకమంటే మా అందరి నమ్మకమూ అదే.

మా ఇల్లు కాలవ గట్టుకి దిగువన ఉండేది. నాన్న, అమ్మ, మామ్మ, నేను, ఒక ముసలి పాలేరు, ఇంతే మనుషులం. అమ్మకి అప్పుడు ఏడో నెల. మాది పెద్ద చేను కాదు గానీ ఆ ఏడు పంట విరగబడి పండింది. పొద్దున్నే అమ్మ, అన్నం గంజిలో పులియబెట్టి నిమ్మాకులు వేసిన తరవాణి కుండ నెత్తిన పెట్టుకుని కళ్ళానికి వెళ్ళేది, నేను వెనకాల. ఆ పులుపు వాసన, కొత్త గడ్డి వాసన, ఎడ్ల వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా తరవాణి మూత తీస్తే నాకు కళ్ళం దుమ్ము కూడా ముక్కుకి తగిలినట్టుంటుంది.

కోసిన చేలో రాలిన వెన్నులు ఏరుకుంటే ఆ పరిగె పిల్లలది. ఏరుకున్నది చాలక నేను ఎవరూ చూడకుండా పనల్లోంచి కూడా కాసిని వెన్నులు లాగి ఒళ్ళో వేసుకునేదాన్ని. అవి ఇచ్చి తేగలు కొనుక్కునేదాన్ని. ఒకనాడు మామ్మ నా ఒడి తడిమి, "ఏమే, మన వెన్నులు నీ ఒళ్ళోకి నడిచొచ్చాయా?" అంది. తేగలో సగం విరిచి ఆవిడ చేతిలో పెట్టాక ఊరుకుంది.

ఇంత సంబరంలోనూ ఒక దిగులుండేది. ఆ వానాకాలంలో మా జోడెడ్లలో ఒకటి రోగమొచ్చి పోయింది. మళ్ళీ తొలకరికి ఇంకో ఎద్దు లేకపోతే దున్నకం లేదు. అందుకని నాన్న పంటలో సగం పెరట్లో పురి కట్టించి అందులో పోయించాడు. పురంటే ఎండుగడ్డిని లావుపాటి తాడులా పేని, దాన్ని గుండ్రంగా చుట్టుకుంటూ మధ్యలో ధాన్యం పోసుకుంటూ పోయేది. తక్కిన సగం కాకినాడ తీసుకెళ్ళి అమ్మడానికి పడవకెత్తించాడు. ఒక కుప్ప మాత్రం నూర్చకుండా కళ్ళంలో మిగిలింది.

పడవెక్కేముందు నాన్న మామ్మతో అన్న మాటలు నాకు బాగా గుర్తు. "అమ్మా, ఆ కుప్ప కూడా నూర్పించి పురిలో పోయించు. మన తిండికీ విత్తనానికీ సరిపోతుందనుకుంటే పురి నిండిందని కబురెట్టు. అప్పుడు ఇదంతా అమ్మేసి ఎద్దుని కొనుక్కొస్తాను. నీ కబురు అందేదాకా బేరం ఖాయం చెయ్యను."

"అలాగే నాయనా, క్షేమంగా వెళ్ళిరా" అంది మామ్మ. గట్టు మీద మనుషులు తాడు భుజానికెత్తుకుని లాగారు, పడవ కదిలింది. అమ్మ గుమ్మంలోంచే చూసింది.

నాన్న వెళ్ళిన మర్నాడే ముసురు పట్టింది. మొదట్లో భయం లేదు. కార్తీకంలో జల్లు పడకుండా ఎప్పుడుంది? కానీ ఆ వాన తగ్గలేదు. మామ్మ నిమిషానికోసారి చూరు కిందికి వచ్చి ఆకాశం చూసేది, నోట్లో ఏదో గొణుక్కుని లోపలికి వెళ్ళేది. అమ్మ కంద బచ్చలి వండితే ఎవరమూ సరిగ్గా తినలేదు. పురి మీద గడ్డి కప్పాం, దాని మీద తాటాకులు కప్పాం, ఇంట్లో ఉన్న పాత చాపలూ తెచ్చి కప్పాం. పైనుంచి వచ్చే నీటి గురించే ఆలోచించాం గానీ కిందనుంచి వస్తుందని ఎవరికి తెలుసు?

ఒక తెల్లవారుజామున మా ఇంటి పక్కనే కాలవ గట్టుకి గండి పడింది. నేను నిద్ర లేచేసరికి మంచం కోళ్ళు నీళ్ళలో ఉన్నాయి. పెరట్లోకి పరిగెత్తిన అమ్మ "అత్తయ్యా!" అని ఒక్క అరుపు అరిచింది. మా కళ్ళ ముందే పురి ఒక పక్కకి ఒరిగింది. గడ్డి చుట్టలు ఒక్కొక్కటే విడిపోయి, ధాన్యం జరజరా నీళ్ళలోకి జారిపోయింది. కళ్ళంలో కుప్ప ఎటు కొట్టుకుపోయిందో ఆనవాలు లేదు. పాలేరు తన గుడిసె ఏమైందో చూసుకోవాలని పరిగెత్తాడు. వాణ్ణి ఏమనగలం?

వాన తెరిపిచ్చి నీళ్ళు తీశాక బురదలో మిగిలిన వడ్లు చేటలతో ఎత్తి ఇంట్లో పోశాం. ఎండ లేదు. ఆ పోగులో చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉండేది. తెల్లటి మొలకలు వచ్చేశాయి. ఇల్లంతా పులిసిపోయిన కంపు. అవి తిండికీ పనికిరావు, విత్తనానికీ పనికిరావు. ఇక మాకున్నవల్లా కాకినాడలో నాన్న పడవలో ఉన్న గింజలే. అవి అమ్ముడైపోతే ఆ ఏడంతా మేం తినేదేమిటి, చేలో చల్లేదేమిటి? నేను చిన్నదాన్నే అయినా ఈ సంగతి నాకు అర్థమైంది. అమ్మ మొహం చూస్తే ఎవరికైనా అర్థమయ్యేది.

మర్నాడు పొద్దున్న కుండలేసుకుని ఒక పడవ దిగువకి వెళుతోంది. దాని సరంగు మాకు తెలిసినవాడే. మామ్మ గట్టెక్కి చెయ్యూపి ఆపించింది.

"ఒరే సరంగూ, కాకినాడకేనా?"

"ఆయ్, కాకినాడకేనండి మామ్మగారూ."

"మా వాడు అక్కడ రేవులో ధాన్యం పడవతో ఉన్నాడు. పురి నిండుకుందని వాళ్ళమ్మ చెప్పమందని చెప్పు నాయనా. మరిచిపోకు."

"ఎందుకు మర్చిపోతానండి, రేవులో దిగ్గానే సెప్తాను. ఎల్లొత్తానండి." వాడు గడ వేశాడు. కాలవ నిండుగా పారుతోందేమో, పడవ చూస్తూండగానే మలుపు తిరిగిపోయింది.

మామ్మ వచ్చి, "కబురు పంపించాను" అని స్తంభానికి ఆనుకుని కూర్చుంది. అమ్మ తడి వడ్లు చాప మీద నెరుపుతోంది.

"ఏమని పంపించారు అత్తయ్యా?"

"ఏమనేదేముంది, పురి నిండుకుందని."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. తర్వాత మెల్లిగా, "మీ అబ్బాయి వెళ్ళేటప్పుడు ఏమన్నారు అత్తయ్యా? పురి నిండిందని కబురొస్తే అమ్మేస్తానన్నారు కదండీ" అంది.

"నిండింది వేరు, నిండుకుంది వేరు. నా కడుపున పుట్టినవాడికి ఆ మాత్రం తెలీదా?"

"ఆయనకి తెలుసండి. ఆయన చెవిలో మీరు చెప్పలేదుగా. నిండిందన్న మాట కోసమే ఎదురు చూస్తున్నారు. వాడు నిండుకుందన్నా ఈయనకి నిండిందనే వినపడుతుంది. గండి పడిందని చెప్పారా? అమ్మొద్దని చెప్పారా?"

"బేరానికి వెళ్ళినవాడికి వద్దన్న మాట పంపుతామటే?" అంది మామ్మ. అంది గానీ గొంతులో ఎప్పటి పట్టు లేదు. లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. "అయ్యో, అయ్యో, ఎంత పని చేశాను! నోరు ఎలా తిరిగితే అలా అనేశానే" అని నెత్తి కొట్టుకుంది.

పాలేరు ఇంకా తిరిగి రాలేదు, పంపడానికి మగదిక్కు లేదు. దిగువన లాకుల దగ్గర, తలుపులు తీసేదాకా పడవలు ఆగాలి. అక్కడ పట్టుకోవచ్చని అమ్మ కొంగు నడుముకి చుట్టింది. "ఏడో నెల మనిషివి, నీకేమైనా మతిపోయిందా?" అని మామ్మ అడ్డం వచ్చింది. "ఇంట్లో కూర్చుంటే మతి పోయేలా ఉంది అత్తయ్యా" అని అమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టెక్కింది.

గండి పడిన చోట గట్టు లేదు. చేలల్లోకి దిగి చుట్టూ తిరిగి వెళ్ళాం. నాకు నడుముదాకా, అమ్మకి మోకాళ్ళ పైదాకా నీళ్ళు. కింద బురద కాళ్ళు పట్టేస్తోంది. అమ్మ ఒక చెయ్యి నా భుజం మీద వేసింది, ఒక చెయ్యి కడుపు కింద పెట్టుకుంది. ఎక్కడ పడిపోతుందోనని నా ప్రాణాలు నా దగ్గర లేవు.

అంత కష్టంలోనూ అమ్మకి ఇంకో బెంగ. అక్కడ చెప్పడం ఏమని చెప్పాలి? దారంతా తనలో తను అనుకుంటూనే ఉంది. "వరద తీసినట్టు పురి తీసిందని చెబితే? ఊహూ, ధాన్యం తీశామనుకుంటారు. గాజు పగిలితే పెరిగిందంటాంగా, గింజలు పెరిగాయంటే? అదీ ఎక్కువయ్యాయనే అనుకుంటారు." నాకు విసుగొచ్చి, "అయిపోయాయని చెప్పమ్మా" అన్నాను. ఠక్కున నా నోరు మూసింది. ఆ చేతికి బురద, పులిసిన వడ్ల కంపు. "కడుపుతో ఉన్నదాని ముందు అలాంటి మాటలాడతారటే?" అంది. ఏం మనుషులమో, లేమి చెప్పడానికి మాకు ఒక్క మాటంటే ఒక్క మాట లేకపోయింది!

లాకులు చేరేసరికి కుండల పడవ తలుపులు దాటి దిగువకి వెళ్ళిపోయింది. అవతలి గట్టు మీద మనుషులు తాడు భుజాలకెత్తుకుంటున్నారు. పడవలవాళ్ళు, లాకుల కాపలాదారు, సంతకి వెళ్ళేవాళ్ళు, గట్టు మీద బోలెడు మంది మగాళ్ళు ఉన్నారు. అమ్మ పరాయి మగాడి ముందు నోరెత్తి ఎరగదు. "నువ్వు పిలు, నువ్వు పిలు" అని నన్ను ముందుకి తోసింది. "సరంగూ" అని నేను అరిచాను. తలుపుల్లోంచి దూకే నీళ్ళ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. తాడు బిగిసింది. పడవ ముక్కు తిరిగింది.

అప్పుడు అమ్మ నన్ను పక్కకి లాగేసి నీళ్ళ అంచుదాకా వెళ్ళింది. రెండు చేతులూ పైకెత్తి, ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో ఏమో, "సరంగూ! వడ్లు లేవు! పురిలో గింజ లేదు! అన్నీ పోయాయి, అన్నీ అయిపోయాయి! అమ్మొద్దని చెప్పు, అమ్మొద్దని చెప్పు!" అని అరిచింది.

గట్టు మీద జనం మాటలు ఆపేసి అమ్మకేసి చూశారు. సరంగు వెనక్కి తిరిగి చూసి ఒకసారి చెయ్యెత్తాడు. విన్నానని ఎత్తాడో, వెళ్ళొస్తానని ఎత్తాడో తెలీదు. పడవ వెళ్ళిపోయింది.

కాపలాదారు దగ్గరికి వచ్చి, "తప్పమ్మా, కడుపుతో ఉన్న ఆడకూతురివి, అలాంటి మాట కాలవ మీద అరుస్తారటమ్మా?" అన్నాడు. అప్పటికి గానీ అమ్మకి తను ఏం అన్నదో తెలిసినట్టు లేదు. కడుపు చుట్టూ కొంగు కప్పుకుని అక్కడే కూలబడింది. వాడు జాలిపడి చెంబుతో నీళ్ళిచ్చాడు.

ఇంటికి వచ్చాక జరిగింది నేనే చెప్పాను. మామ్మ అంతా వింది. తిట్టలేదు. దేవుడి ముందు దీపం పెట్టి చాలాసేపు కూర్చుంది. వచ్చి వేణ్ణీళ్ళతో అమ్మ కాళ్ళు తనే కడిగింది. కడుగుతూ, "ఆ మాట నేను అనాల్సింది. నీ నోట అనిపించాను. లోపల బిడ్డ వినుంటాడే" అంది. అమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. మామ్మ ఆ మాట కావాలని అనలేదు, ఆవిడ భయం ఆవిడది. కానీ అది అనకుండా ఉంటే ఎంత బాగుండేదని నాకు ఇన్నేళ్ళ తర్వాత కూడా కోపం వస్తుంది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో ఆ భగవంతుడికే తెలియాలి. మొలకెత్తిన వడ్లలో బాగున్నవి ఏరి, వేయించి, దంచి జావ కాచుకునేవాళ్ళం. ఎంత మజ్జిగ పోసినా ఆ కంపు పోయేది కాదు. పొద్దున్న లేస్తే ముగ్గురం గట్టు మీదే ఉండేవాళ్ళం. ఎగువకి వచ్చే ప్రతి పడవకేసీ చూసేవాళ్ళం. సరుకున్న పడవ నీళ్ళలో దిగబడి వస్తుంది, ఖాళీ పడవ తేలుతూ వస్తుంది. దూరాన మలుపులో పడవ కనపడగానే మామ్మ నన్ను పొడిచేది. "నీ కళ్ళు చురుకైనవి, చూసి చెప్పవే, తేలుతోందా, దిగిందా?" తేలుతోందనే చెప్పాల్సి వచ్చేది, అది నాన్న పడవ కాదని తెలిసేదాకా ఎవరికీ ఊపిరి ఆడేది కాదు.

చివరికి ఒకరోజు మధ్యాహ్నం మలుపులో నాన్న తలపాగా కనపడింది. ముందు ఆ తలపాగాయే కనపడింది, పడవ గట్టు చాటున ఉంది. అమ్మ కళ్ళు మూసుకుంది. "చెప్పవే" అంది మామ్మ. నేను మునివేళ్ళ మీద లేచి చూశాను. పడవ మలుపు తిరిగింది. అంచులదాకా నీళ్ళున్నాయి. "దిగింది మామ్మా! బాగా దిగింది!" అని అరిచాను. మామ్మ గట్టు మీదే చతికిలబడి గోదారి తల్లికి దణ్ణం పెట్టుకుంది.

నాన్న అరుగు మీద కూర్చుని, పాడైపోయిన పురికేసి చూస్తూ చెప్పాడు. "సరంగు వచ్చి పురి నిండుకుందట అన్నాడు. నేను నిండిందనే అనుకున్నాను. కోమటి చేతిలో చెయ్యి వెయ్యబోతున్నాను. వాడు నాలుగడుగులు వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి తల గోక్కున్నాడు. 'బాబూ, లాకుల కాడ మీ ఇంటావిడగారు ఒడ్డుకొచ్చి ఏదో అరిచారండి. నీళ్ళ మోతలో ఒక్క మాటా ఇనపళ్ళేదండి. మొహం సూత్తే మాత్రం మంచి కబురులా లేదండి' అన్నాడు. నువ్వు బజారుకెక్కి అరిచావంటే ఊరికే అరవవు కదా. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను."

అమ్మ మెల్లిగా అడిగింది. "ఒక్క మాటా వినపడలేదన్నాడా?"

"ఒక్కటీ వినపడలేదట."

ఆ మాట వినాల్సిన సరంగుకే వినపడకపోతే ఇక ఎవరు విన్నట్టు? అమ్మ చెయ్యి కడుపు మీదికి వెళ్ళడం నేను చూశాను.

ఆ ఏడు మా ఇంట్లో ఎవరమూ పస్తు పడుకోలేదు. ఎద్దుని కొనలేకపోయాం. నాన్న పక్కింటివాళ్ళ ఎద్దుతో మా ఎద్దుని జోడు కట్టి, రెండు చేలూ దున్నాడు. మాఘంలో తమ్ముడు పుట్టాడు. బంగారంలాంటి పిల్లాడు. ఒక కాలు మాత్రం రెండోదానికన్నా పొట్టి. మంత్రసాని వాణ్ణి చేతుల్లో పెట్టగానే అమ్మ ముందు ఆ కాలే చూసింది.

వాడు కుంటుతూనే చెట్లెక్కాడు, కాలవ ఈదాడు, చేను దున్నాడు, పెళ్ళి చేసుకుని పిల్లల్ని కన్నాడు. నన్ను ఏడిపించడంలో వాడికి వాడే సాటి. వాడికి లేని దిగులు అమ్మకుండేది. మామ్మ పోయింది, నాన్న పోయాడు, అమ్మ జుట్టు తెల్లబడింది. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా, మేమిద్దరమే ఉన్నప్పుడు, "ఆ రోజు నేనన్న మాటేనంటావా?" అని అడిగేది. కాదమ్మా అనేదాన్ని. అలాంటి కాళ్ళవాళ్ళని ఎంతమందిని చూడలేదు అనేదాన్ని. తలూపేది, మళ్ళీ వెళితే మళ్ళీ అడిగేది.

అమ్మ ఆఖరి రోజుల్లో, నేను పుట్టింట్లో ఉండగా, ఒక మధ్యాహ్నం తమ్ముడు చేలోంచి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. వాడి పెళ్ళాన్ని పక్కకి పొమ్మని అమ్మే వడ్డిస్తోంది. అన్నం పెడుతూ పెడుతూ, ఇన్నేళ్ళూ నా ఒక్కదానితోనే అన్న మాట ఆ రోజు వాడితోనే అనేసింది. "నీ కాలు నా నోటి మూలానే ఇలా అయిందిరా."

వాడికి కథంతా తెలుసు, మామ్మే చెప్పింది. ముద్ద కలుపుతూ తలెత్తలేదు. "ఆ నోరు ఊరుకునుంటే ఆ ఏడు నీకు కూడెక్కడిదే? నువ్వు తినకపోతే నేనేం పుట్టేవాణ్ణి? కాలు పొట్టిదైతే అయింది, పొట్ట నిండిందిగా. కాస్త పులుసు పొయ్యి" అని కంచం ముందుకి జరిపాడు.

అమ్మ పులుసు పోసింది. పోస్తూ, మఠం వేసుకున్న వాడి కాలికేసే చూస్తూ ఉంది.